నిలువున నెగయు విమానము



కోనసీమలోని యొక లంక గ్రామమునుండి వచ్చిన జాబు ఈ నెల నా బల్లమీద నున్నది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది గనుక ప్రకటింపను. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. వరదలనాడు తమ యింటిపైకి వచ్చి అన్నపు పొట్లములను జారవిడిచిన హెలికాప్టరునకు రెక్కలు లేవు గదా, అది గాలిలో నెట్లు నిలిచినది? దానిని మొదట నిర్మించిన వారెవరు? 1953వ సంవత్సరపు వరదలో ఇంటిల్లిపాదియు రెండు రాత్రులు అటకమీద గడపినను అటువంటి దొక్కటియు రాలేదని అత్తగారు చెప్పుచున్నారు, ఏల రాలేదు?

మూడవ ప్రశ్నను చదివి కొంతసేపు జాబును మడచి పెట్టితిని. మా అమ్మమ్మగారు కూడ ఆ వరదను చూచినవారే. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో గోదావరి గట్లు తెగినప్పుడు ఆమె చంకలో నెలల బిడ్డ. బియ్యపు డబ్బా, ఉప్పు, బిడ్డ గుడ్డలు అటకమీదికి చేర్చి, నావ వచ్చునేమోయని కంతలోనుండి చూచుచు కూర్చుండిరట. "నీటివైపే చూచితిమి గాని ఆకాశమువైపు చూడవలెనని మాకు తోచనేలేదు" అని ఆమె పలుమారు చెప్పెడివారు. తోచకపోవుటలో వింత లేదు. మన దేశపు వైమానిక దళమునకు మొట్టమొదటి హెలికాప్టరు చేరినది 1954లో. అనగా ఆ వరద తీసిపోయిన మరుసటి యేడు. అత్తగారి ప్రశ్నకు సమాధాన మింతే. అది సికోర్‌స్కీ కంపెనీవారు చేసిన ఎస్-55 అను రకము. ఆ సికోర్‌స్కీ కథయే సోదరి రెండవ ప్రశ్నకు సమాధానము కూడ అగును గనుక దానిని కొంత వివరముగా చెప్పెదను. ఆ కథలో ఒక తల్లియు, ఒక అక్కయు ఉన్నారు. యంత్రముల చరిత్రలు వ్రాయువారు వారిని ఒక్క వాక్యములో దాటిపోవుచుందురు. మనము కొంచెము నిలుతము.

ఈగోర్ సికోర్‌స్కీ 1889లో కీవ్ నగరమున జన్మించెను. అయిదుగురు బిడ్డలలో కడగొట్టువాడు. తల్లి వైద్యవిద్య చదివిన స్త్రీ. ఆ కాలమున అది సామాన్యము గాదు. ఆమె ఆ పిల్లవానికి రాత్రులయందు చెప్పిన కథలు రాజులవి గావు. నాలుగువందల యేండ్లక్రిందట ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డావించి మరవలె చుట్టుకొని గాలిలోనికి నెగయు యంత్రమును కాగితముమీద గీసిన వృత్తాంతమును చెప్పెడిది. పిల్లవాడు పండ్రెండేండ్ల ప్రాయముననే రబ్బరు పట్టీలతో తిరుగు చిన్న బొమ్మ హెలికాప్టరును చేసి ఎగురవేసెను.

బొమ్మ యెగిరినది గనుక పెద్దదియు నెగురునని అతని నమ్మకము. పందొమ్మిదేండ్ల వయసున, 1909 ప్రారంభమున, పారిసునకు పోయి ఇంజను కొనవలెనని బయలుదేరెను. డబ్బెవ్వరిచ్చిరి? అక్క ఓల్గా ఇచ్చినది. తమ్ముడు చేయబోవునది మనుష్యుని మోయునో మోయదో ఆమెకు తెలియదు. అప్పటికి ప్రపంచమున నెవ్వరికిని సరిగా తెలియదు. ఆ సొమ్ముతో అతడు 25 అశ్వశక్తిగల అంజానీ ఇంజను నొకదానిని కొని కీవ్‌కు తెచ్చి, ఇంటి యావరణలో హెలికాప్టరును కట్టెను. అది యూగినది, వణికినది, నేల విడువలేదు. 1910లో రెండవదానిని కట్టెను. ఈసారి అది తన బరువును తాను ఎత్తుకొన్నది గాని మనుష్యుని ఎత్తుకొనలేదు.

ఇచ్చట నొక మాట. మన యిండ్లలో నిట్టి తమ్ముని గూర్చి ఏమందురో మీకు తెలియును. ఆడపిల్ల సొమ్ము గాలికి పోయినదందురు. పోయినట్లే యుండెను కూడ. సికోర్‌స్కీ తన లోపమును స్పష్టముగ గ్రహించెను: ఇంజనులింకను బలహీనములు, సామగ్రి బరువైనది, తన అనుభవము చాలదు. అందుచేత హెలికాప్టరును ప్రక్కకు పెట్టి సామాన్య విమానములవైపు తిరిగెను. ప్రక్కకు పెట్టుట మరచిపోవుట గాదని తెలియుటకు ముప్పది యేండ్లు పట్టినది.

ఆ ముప్పది యేండ్లలో జరిగినదానిని త్వరగా చెప్పి దాటెదను. ఒకనాడు చమురుగొట్టములో దోమ చిక్కుకొని ఇంజను ఆగిపోగా అతని విమానము క్రింద పడెను. ఒక్క దోమ చేత నాశనమగు విమానము మంచిది కాదని ఆలోచించి 1913లో నాలుగు ఇంజనుల పెద్ద విమానమును నిర్మించెను. పిమ్మట రష్యాలో విప్లవము వచ్చెను, ఆస్తి పోయెను. 1919లో అమెరికా చేరి, అచ్చటి రష్యను కూలివాండ్రకు లెక్కలు చెప్పి పొట్ట పోసికొనెను. 1923లో న్యూయార్కు సమీపమున ఒక స్నేహితుని కోళ్లతోటలో, తనవలెనే దేశము విడిచివచ్చినవారితో చేరి విమానముల కంపెనీ పెట్టెను. సంగీత విద్వాంసుడు రఖ్మానినోవ్ 5000 డాలర్లకు వాటాలు కొని ఆదుకొనెను. ఆ కంపెనీ నీటిమీద దిగు విమానములను చేసి కొంతకాలము వర్ధిల్లినది. 1938 నాటికి వాని గిరాకి తగ్గిపోయినది. యాజమాన్యమువారు ఆ శాఖను మూసివేయ నిశ్చయించిరి. అప్పుడు సికోర్‌స్కీ, తనకును తన పనివారికిని హెలికాప్టరు చేయుట కనుమతి యిండని కోరెను. వారు సమ్మతించిరి. అతని వయస్సప్పటికి నలుబదితొమ్మిది.

ఇక మొదటి ప్రశ్న. రెక్కలు లేవని సోదరి వ్రాసినది. ఉన్నవమ్మా, అవి తిరుగుచున్నవి గనుక కానరావు. సామాన్య విమానమునకు రెక్కలు కదలక యుండును గనుక విమానమే పరుగెత్తి వానికి గాలిని అందింపవలెను. పరుగెత్తుటకు పొడుగైన బాట కావలెను, దిగుటకు కూడ కావలెను. వరదలో మునిగిన లంకలో బాట యెక్కడిది? హెలికాప్టరులో విమానము నిలిచియుండగా రెక్కలే పరుగెత్తును. పైనున్న పెద్దపంకా గాలిని క్రిందికి నెట్టును. గాలి యంత్రమును పైకి నెట్టును.

ఇంతవరకు సులభము. చిక్కెచ్చట ననగా, పంకా ఒక ప్రక్కకు తిరిగిన, దానిని త్రిప్పు యంత్రము రెండవ ప్రక్కకు తిరుగజూచును. మన గోదావరిమీద పుట్టి యెక్కినవారి కిది తెలియును. పుట్టిలో నిలుచుండి చేతిలోని చేటతో సహా నడుమును కుడికి విసరుగా త్రిప్పిన, పుట్టి యెడమకు తిరుగును. హెలికాప్టరు కూడ నట్లే బొంగరమువలె తిరిగిపోయి లోపలివారిని కుదిపి పారవేయును. దీనికి కొందరు ఎదురెదురుగా తిరుగు రెండు పంకాలను పెట్టిరి. సికోర్‌స్కీ 1909లో చేసినదియు నదియే. ఇప్పుడతడు వేరొక యుపాయము నెన్నుకొనెను: పైన నొకటే పెద్దపంకా, తోక చివర నిలువుగా నొక చిన్నపంకా. పెద్దది యంత్రమును త్రిప్పజూచిన, చిన్నది తోకను ప్రక్కకు నెట్టి అడ్డుపడును. నేడు ఆకాశమున మనము చూచు హెలికాప్టర్లలో పెక్కింటికి ఈ రూపమే.

అతని మొదటి యంత్రమునకు వీఎస్-300 అని పేరు. కనెక్టికట్ రాష్ట్రములోని స్ట్రాట్‌ఫర్డ్ అనుచోట 1939 సెప్టెంబరు 14వ తేదీన అది మొదటిసారి నేల విడిచెను. ఇనుపగొట్టముల చట్రము, పైన మూడు రెక్కల పంకా, 75 అశ్వశక్తిగల ఇంజను, కూర్చుండుటకు ముందు భాగమున బయలుగా నొక పీఠము. అంతకు మించి యేమియు లేదు. సికోర్‌స్కీ తలమీద తన టోపీతోనే యెక్కి కూర్చుండెను. కట్టువిప్పిన ఆవుదూడవలె పారిపోకుండుటకు దానిని బరువులకు కట్టివేసిరి. కొన్ని అంగుళములు లేచి, కొన్ని క్షణములు నిలిచి, దిగెను. ఆ డిసెంబరులో గాలి విసరునకు తలక్రిందులై విరిగిపోయెను. మరల కట్టిరి. 1940 మే 13న త్రాళ్లు లేకుండ నెగిరెను.

అయినను అది చెప్పినమాట వినలేదు. పైకి పోవును, క్రిందికి వచ్చును, వెనుకకు పోవును, ప్రక్కలకు పోవును. ముందునకు మాత్రము సరిగా పోదు! యాజమాన్యమువారిలో నొకరు దీనిని గమనించి యడుగగా, అది తాము ఇంకను తీర్చని యొక చిన్న చిక్కని సికోర్‌స్కీ సమాధానము చెప్పెనని ప్రసిద్ధి. తోకయొద్ద మూడు పంకాలను పెట్టిచూచెను, రెండు తీసివేసెను, మరల మార్చెను. వంటలో ఉప్పు కుదిరినదో లేదో చూచుచు చేసినట్లు, ఎగురవేయుట, దింపుట, మార్చుట. రెండేండ్లు ఇదే పని. 1941 ఏప్రిలులో అడుగున గాలి తిత్తులు కట్టి నీటిమీదనుండి లేవనెత్తెను. లంకలవారు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక. మే 6వ తేదీన 1 గంట 32 నిమిషములకు పైగా గాలిలో నుండి, అంతకుముందు జర్మనీవారు నెలకొల్పిన పరిమితిని దాటెను. ఆ సంవత్సరాంతమునకు ముందునకు పోవుట కూడ కుదిరెను. పెద్దపంకాను ముందునకు కొంచెము వాల్చినయెడల, బియ్యము చెరుగునప్పుడు వంచిన చేటవలె, గాలి వెనుకకు త్రోయబడి యంత్రము ముందునకు పోవును. వాల్చుటకు పంకా రెక్కలు ఒక్కొక్క చుట్టులో ఒకవైపున ఎక్కువగను, రెండవవైపున తక్కువగను గాలిని పట్టునట్లు మెలిపెట్టవలెను. రెండేండ్ల ఓపిక యంతయు ఈ మెలిలోనే యున్నది.

జర్మనీవారి ప్రసక్తి వచ్చినది గనుక చెప్పవలెను. హెలికాప్టరును మొదట చక్కగా నెగురవేసినది సికోర్‌స్కీ యని వ్రాయుట న్యాయము గాదు. జర్మనీలో ఫోకె అను నిర్మాత చేసిన ఎఫ్‌డబ్ల్యు-61 అను యంత్రము 1936 జూనులోనే యెగిరినది. దానిని 1938లో బెర్లినులోని యొక పెద్ద భవనము లోపల, కప్పుక్రింద, వేలకొలది జనుల యెదుట నడిపినది హన్నా రైచ్ అను స్త్రీ. ఆమె నైపుణ్యము అసాధారణము. ఆ నైపుణ్యము నెవరికొరకు వినియోగించినదో తలచుకొన్న మనస్సు చివుక్కుమనును; ఆ ప్రదర్శన నాజీ ప్రభుత్వపు డంబమునకై యేర్పరచినదే. ఫోకె యంత్రమునకు ఇరుప్రక్కల రెండు పంకాలు. సికోర్‌స్కీ గొప్ప, తన రూపమును కార్ఖానాలో వరుసగా చేయదగినదానిగా తీర్చుటలో నున్నది.

ఆ వరుసలో వచ్చినది ఆర్-4. మొదటి యంత్రము 1942 జనవరి 14న ఎగిరెను. మే నెలలో దానిని స్ట్రాట్‌ఫర్డ్‌నుండి ఒహాయో రాష్ట్రములోని సైనిక క్షేత్రమునకు 761 మైళ్లు, మజిలీలు చేయుచు అయిదు దినములలో నడిపిరి. ఇరువురు మాత్రమే పట్టు చిన్న యంత్రము. అయినను సైన్యమువారు వందకు పైగా చేయించుకొనిరి. వీఎస్-300 వృద్ధాప్యమున వస్తుప్రదర్శనశాలకు పోయెను. దాని మొత్తపు ఆకాశజీవితము రమారమి నూరు గంటలే.

ఇక నీ యంత్రములు చేసిన పనులలో నాకు నచ్చినవి మూడు. 1944 జనవరి 3న న్యూయార్కు రేవు బయట యుద్ధనౌక యొకటి ప్రేలిపోయి నావికులు కాలిపోయిరి. మంచు తుపానులో విమానములు కదలలేదు. ఎరిక్సన్ అను నధికారి ఆర్-4 అడుగున రెండు పెట్టెల రక్తద్రవమును కట్టుకొని పదునాలుగు నిమిషములలో ఆస్పత్రియొద్దకు చేర్చెను.

రెండవది మన దేశమునుండియే జరిగినది. ఆ యేడు ఏప్రిలు 25, 26 తేదీలలో, అస్సాములోని లాలాఘాట్ క్షేత్రమునకు చెందిన కార్టర్ హర్మన్ అను యువకుడు ఆర్-4తో బర్మా యడవులపైకి పోయి, జపాను సైన్యముల వెనుక కూలిన చిన్న విమానపు చోదకునిని, గాయపడిన మువ్వురు సైనికులను తెచ్చెను. యంత్రము ఒక్కరిని మించి మోయలేదు. ఆ వేడిలో ఇంజను కాగిపోవుచుండెను. అందుచేత నాలుగు తడవలు పోయి, ఒక్కొక్కరినే తెచ్చెను. యుద్ధభూమిలో హెలికాప్టరు ప్రాణములు గాచుట కది ప్రథమము.

మూడవది 1945 నవంబరు 29 నాటిది. స్ట్రాట్‌ఫర్డ్ కార్ఖానాకు సమీపమున సముద్రపు రాళ్లపై చిక్కిన పడవలో ఇరువురు మనుష్యులుండిరి. తుపానులో ఓడలు దగ్గరకు పోజాలవు. కార్ఖానా చోదకుడు క్రొత్త ఆర్-5 యంత్రమును వారిపై నిలిపి, తీగ వదలి, ఒకరి తరువాత నొకరిని పైకి లాగించెను. హెలికాప్టరునుండి తీగ వదలి మనుష్యులను కాపాడుట అదియే మొదలు. ఆ చోదకుని పేరు వైనర్. అతడు సికోర్‌స్కీకి మేనల్లుడు.

ఎస్-55 మన దేశమునకు వచ్చిన పిమ్మట, ఇతర కంపెనీల హెలికాప్టర్లును వచ్చినవి. బెంగుళూరులోని హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌వారు ఫ్రాన్సువారి అనుమతితో 1965 నుండి చేతక్ అను దానిని తయారుచేసిరి. వారే స్వయముగా రూపొందించిన ధ్రువ్ 1992 ఆగస్టు 20న మొదటిసారి ఎగిరెను. సముద్రములో చమురు తీయువారిని మధురపూడి విమానాశ్రయమునుండి హెలికాప్టర్లు మోసికొనిపోవుట మన రాజమహేంద్రవరము వారికి వింత గాదు.

1986 ఆగస్టు నాటికి నేను బాలికను. ధవళేశ్వరము ఆనకట్టయొద్ద 35 లక్షల క్యూసెక్కులను మించిన నీరు ప్రవహించిన దినములవి. మా వీధి స్త్రీలు ఒకరింట చేరి కాగులతో పులిహోర కలిపిరి. అరిటాకులో చుట్టిన పొట్లము పైనుండి పడి చెదరునని ఎవరో చెప్పగా, దళసరి సంచులలో కట్టి రెండేసి ముళ్లు వేసిరి. అమ్మమ్మగారు ఆ ముళ్లను ఒక్కొక్కదానిని లాగిచూచి ప్రక్కకు పెట్టుచుండిరి. హెలికాప్టరు చప్పుడు వినవచ్చినప్పుడు అందరమును వాకిటిలోనికి పరుగెత్తితిమి. ఆమె మాత్రము లేవలేదు. "వారికి చూచుటకు ఏదో యున్నది గదా" అని మాత్రము అనిరి. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమను తుడిచిపెట్టినప్పుడు ఆమె లేరు.

ఈ యంత్రము దేవత గాదని కూడ చెప్పవలెను. 2002 మార్చి 3న కోనసీమ బిడ్డ, లోక్‌సభాపతి బాలయోగిగారు భీమవరమునుండి బయలుదేరిన హెలికాప్టరు కొవ్వాడలంకయొద్ద చేపల చెరువులో కూలి, ఆయనతోపాటు లోనున్న వారందరును మరణించిరి. ఆ దినమున అమలాపురము వైపు పొయ్యి రాజని యిండ్లెన్నియో.

ఇంజను ఆగిన హెలికాప్టరు రాయివలె పడునా యని పలువురడుగుదురు. తప్పక పడునని లేదు. కొబ్బరియాకు గిరకను పట్టుకొని పిల్లవాడు పరుగెత్తిన గాలికే తిరుగునట్లు, దిగుచున్న హెలికాప్టరు పంకాను క్రిందినుండి వచ్చు గాలి త్రిప్పుచుండును. తగినంత యెత్తు, చోటు, నేర్పు ఉన్నయెడల చోదకుడు మెల్లగా దింపగలడు.

జాబు వ్రాసిన సోదరికి నాలుగు మాటలు ప్రత్యేకముగ. మరల ఎన్నడైనను మీ యూరికి హెలికాప్టరు దిగవలసివచ్చిన, దిగుచోట ఆరవేసిన చీరలు, దుప్పట్లు, పరదాలు, రేకులు ముందుగా తీయించుడు. పంకా గాలికి లేచి దానిలోనే చిక్కుకొనును. పూరికప్పునకు దగ్గరగా దింపనీయకుడు. పిల్లలను ఒకచోట కూర్చుండబెట్టి, పెద్దపంకా ఆగువరకు కదలనీయకుడు. చోదకుడు చూచి చేయి యూపిన పిమ్మటనే, అతని కన్నులకు కనబడునట్లు ముందువైపునుండి వంగి పోవలెను. తోకవైపు మాత్రము ఎవ్వరును పోరాదు. అచ్చటి చిన్నపంకా తిరుగునప్పుడు కంటికి కానరాదు. పొట్లము నీటిలో పడిన దానివెంట దూకవలదు, మరియొకటి వేయుదురు.